గంట నాలుకకు కట్టే తోలు

క్రిస్మస్ ఇంకా పన్నెండు రోజులుందనగా, శనివారం పొద్దున తొమ్మిదింటికి, క్లిఫ్ ఓల్డ్‌రాయిడ్ శవపేటికల దుకాణం గుమ్మం ముందు నోరు మూసుకుని నిలబడ్డాడు. సాయంత్రం అయిదు దాకా అలాగే నిలబడాలి. అదే అతని వేషం.

ఆ దుకాణంలో శవపేటికలేమీ లేవు. మామూలు రోజుల్లో అది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఊరి పాతకాలపు వేషాల పండగ జరిగే రెండు రోజులూ దాని నొసట నల్ల పలకొకటి తగిలించి, అద్దాల వెనక అట్టతో చేసిన పెట్టె ఒకటి నిలబెడతారు. పూర్వం కలిగినవాళ్ల ఇళ్లలో చావు జరిగితే గుమ్మం ముందు ఏడుపు ముఖంతో నిలబడటానికి ఒక మనిషిని కూలికి పెట్టుకునేవారట. నల్ల కోటు, పొడుగు టోపీ, టోపీకి నల్ల గుడ్డ, చేతిలో నల్ల గుడ్డ చుట్టిన కర్ర. నోరు మాత్రం విప్పకూడదు. విప్పితే కూలి పోయినట్టే. మూగవాడు అని వాడికి పేరు. ఇరవై ఒక్కేళ్లు పండగలో వేషం కట్టిన క్లిఫ్‌కి ఈ ఏడు దక్కింది ఆ మూగవాడి వేషం.

ఎదురుగా, పంది మాంసం కూరి కాల్చిన పైలు అమ్ముతున్న అతని అక్క బ్రెండా, పెద్ద బుట్ట లాంటి గౌను సర్దుకుంటూ వీధంతా వినబడేలా అంది.

"ఒరేయ్ క్లిఫ్! ఆ ముఖానికి మళ్లీ వేషమెందుకురా? మీ ఆవిడ పోయి ఆ టైల్స్ వేసేవాడితో కాపురం పెట్టిన కాణ్ణించీ నీది అదే ముఖం కదా. పండగ కమిటీ వాళ్లకి టోపీ ఒక్కటే ఖర్చు."

పైల కోసం వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. క్లిఫ్ ఏమీ అనలేదు. అనకూడదు మరి.

థార్న్‌బెక్ ఊళ్లో డిసెంబరు రెండో శని, ఆదివారాలు జనమంతా ముత్తాతల నాటి బట్టల్లోకి దూరతారు. కార్లు కొండ కిందే ఆపేస్తారు. బస్సులకు బస్సులు జనం దిగుతారు. ఉన్ని మిల్లు మూతపడ్డాక ఊరికి మిగిలిన పంట అదొక్కటే. వాన పడుతుంటుంది, ఆ వానలోనే బ్యాంకు మేడ మీద నుంచి ఒక యంత్రం సబ్బు నురుగును మంచులా ఊదుతుంటుంది. మార్కెట్ వెనక, ఒకప్పుడు దిక్కులేనివాళ్లను ఉంచిన బీదల కొట్టంలో ఇప్పుడు వాసన కొవ్వొత్తులు అమ్ముతారు. దాని గేటు దగ్గర చింకి బట్టలేసుకున్న ఒక టీచరమ్మ గరిటెతో గంజి పోస్తుంటే వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటారు. క్లిఫ్ ముత్తవ్వ నిజంగానే ఆ కొట్టంలో ఆ గంజే తాగి చచ్చిపోయింది. ఆకలి ఫోటోల్లో అంత ముద్దుగా ఉంటుందని ఆవిడకు తెలీదు పాపం.

వేషాలకో వరస ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. కొత్తగా చేరినవాడు బిచ్చగాడు. ఆ తర్వాత పొగగొట్టాలు ఊడ్చేవాడు. ఆ తర్వాత నాలుగింటికి పొడుగు కర్రతో మార్కెట్లో దీపాలు ముట్టించేవాడు. అన్నిటికన్నా పైన గంటవాడు. ఎర్రకోటు తొడుక్కుని, ఇత్తడి గంట మోగించి, వీధి వీధికీ చాటింపు వేసేవాడు. క్లిఫ్ మూడేళ్లు అడుక్కున్నాడు. ఎనిమిదేళ్లు మసి పూసుకున్నాడు. పదేళ్లు దీపాలు ముట్టించాడు. ఇక మిగిలింది గంటే.

ఆ గంట పండగ కోసం పుట్టింది కాదు. పండగకు ముందు నుంచీ, మిల్లు ఉన్న రోజుల నుంచీ ఉంది. ఊళ్లో ఎవరు పోయినా గంటవాడు మార్కెట్ మధ్య రాతి శిలువ మెట్లెక్కి ఆ పేరు చాటాలి. ఏ రోజు పోతే ఆ రోజే, దీపాలు పెట్టే వేళకు ముందే. దీపాలు పెట్టేస్తే ఇక చాటరు. చాటకుండా పోయినవాణ్ణి ఊరి మనిషి కాదనుకుంటారు. యాభై ఏళ్లు ఆ పని చేసింది ఎర్నెస్ట్ సగ్డెన్. క్లిఫ్ తల్లి పోయిన రోజు కూడా అతనే చాటాడు. "ఓల్డ్‌రాయిడ్ ఎడిత్, డయ్యర్స్ రో, అరవై మూడేళ్లు, నేత పని. చేతిలో పని కింద పెట్టింది." అంతే. పొగడ్త లేదు, దేవుడి మాట లేదు. తల్లి బతికుండగా ఆవిణ్ణి పేరుపెట్టి అంత మర్యాదగా పిలిచిన మగవాడు లేడు. ఆ రోజు నుంచీ క్లిఫ్‌కి గంట మీద మనసు.

చావు చాటేటప్పుడు గంట మామూలుగా మోగకూడదు. గంట నాలుకకు ఒక పక్కన తోలు ముక్క కట్టాలి. అప్పుడు అది ఒకసారి ఖణేల్‌మంటుంది, రెండోసారి దుప్పట్లో చుట్టినట్టు మూలుగుతుంది. "గట్టి దెబ్బ ఉన్నవాళ్లకి, మెత్తటి దెబ్బ పోయినవాడికి," అనేవాడు ఎర్నెస్ట్. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బీరు తాగుతూ తాగుతూ, ఆ తోలు ముక్కను జేబులోంచి తీసి క్లిఫ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఉంచుకోరా. నీ దగ్గరుంటే నాకు నిశ్చింత."

ఎద్దు తోలు. నాలుగు మూలలా కన్నాలు, సన్నటి తోలు తాడు. యాభై ఏళ్ల అరచేతుల చెమటకు నల్లబడి, చింతపిక్కలా మెరుస్తోంది. తోలు ఇచ్చినవాడు గంట ఇవ్వకుండా పోతాడా? క్లిఫ్ ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనాల్సిన పనేముంది? ఆదివారాలు బీడుకొండ ఎక్కి గొర్రెల ముందు చాటింపు వేసుకునేవాడు. గొర్రెలు తలెత్తి చూసేవి. అది చాలనుకున్నాడు.

రెండేళ్ల కిందట ఎర్నెస్ట్ మోకాళ్లు పడిపోయి వృద్ధాశ్రమంలో చేరాడు. గంట కమిటీ బీరువాలోకి పోయింది. ఆ రెండేళ్లూ ఊళ్లో పోయినవాళ్లు చెప్పాపెట్టకుండా పోయారు. ఈ అక్టోబరులో చర్చి హాలు గోడకు వేషాల జాబితా అంటించారు. గంటవాడు: రూపర్ట్ ఎయిన్స్‌లీ. మూడేళ్ల కిందట లండన్ నుంచి వచ్చి, మిల్లు యజమాని బంగళా కొని, అతిథులకు గదులు అద్దెకిస్తున్న మనిషి. అక్కడ రేడియోలో ప్రకటనలు చదివేవాడట. బిచ్చగాడిగా ఒక్క పూట కూడా వానలో కూర్చోలేదు. కింద, చివరి వరసలో, మూగవాడు: సి. ఓల్డ్‌రాయిడ్.

పదకొండింటికి ఆ రూపర్టే గంట మోగించుకుంటూ వచ్చాడు. లాటరీలో ఇచ్చే బహుమతుల సంగతి చాటుతున్నాడు. గొంతు చూస్తే కంచు. వీధి ఆ చివర చేపల కొట్టు దాకా తేలిగ్గా వెళ్లి వచ్చింది.

"మిస్టర్ ఓల్డ్‌రాయిడ్! అద్భుతం! మిమ్మల్ని చూస్తే నాకే ఏడుపొస్తోందండీ," అన్నాడు నవ్వుతూ. నిజంగానే మెచ్చుకున్నాడు. అదే క్లిఫ్‌కి ఒళ్లు మండించింది. ఎగతాళి అయితే భరించేవాడు.

జేబులో చెయ్యి పెట్టి తోలు ముక్కను గట్టిగా పట్టుకున్నాడు.

రెండింటికి వృద్ధాశ్రమంలో పనిచేసే టీనా, యూనిఫాం మీద రెయిన్‌కోటు వేసుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. టోపీ కింద ముఖం పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది.

"క్లిఫ్ నువ్వేనా? ఎర్నెస్ట్ పోయాడయ్యా. పన్నెండున్నరకి. టీ తాగుతూ తాగుతూ అలా కప్పు దించాడు, అంతే. ఆయనకి ఎవరూ లేరు కదా. ఎవరికి చెప్పాలో తెలీక నీ దగ్గరికొచ్చా."

"ఏమైనా అన్నాడా?"

అయిదు గంటల తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట అది. పక్కన ఫోటో తీసుకుంటున్న ఒకామె, "అరె, మూగవాడు మాట్లాడేశాడే!" అని నవ్వింది.

"టీలో పంచదార తక్కువైందన్నాడు," అంది టీనా. కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది, డ్యూటీ ఉందని.

క్లిఫ్ నల్ల కర్రను గోడకు ఆనించి చర్చి హాలుకు నడిచాడు. కమిటీ కార్యదర్శి మ్యూరియెల్ హోల్గేట్ దొరసాని వేషంలో కూర్చుని ఉంది. చేతులు వెచ్చగా పెట్టుకునే బొచ్చు సంచిలో వాకీటాకీ గరగరలాడుతోంది. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు. అతను పదహారో ఏట మానేసి మిల్లులో ఉన్ని ఏకే గదికి పోయాడు, ఆమె పోలేదు.

"నువ్వు నీ చోట లేవేంటి క్లిఫ్? టీకి వెళ్లేది మూడింటికి కదా?"

"ఎర్నెస్ట్ పోయాడు. దీపాలకి ముందు చాటాలి. గంట నాకివ్వు."

ఆమె ముఖం కొంచెం మెత్తబడింది. మళ్లీ బిగిసింది. "అయ్యో పాపం. మంచి మనిషి. కానీ ఇవాళ వద్దు. సోమవారం చర్చిలో చెప్పిద్దాం, పూలు పెట్టిద్దాం."

"సోమవారం చాటరు. నీకు తెలుసు."

"బయట పదహారు బస్సుల జనముంది క్లిఫ్. పిల్లా జెల్లా. పండక్కొచ్చినవాళ్ల నెత్తిన చావు కబురు వేస్తామా? ఇంకో సంగతి, గంట రూపర్ట్ చేతిలో ఉంది. వాడి చేతిలోంచి లాక్కుంటావా ఏంటి?"

"మీ అమ్మని చాటలేదూ ఎర్నెస్ట్? మంచులో, మోకాలి లోతులో నిలబడి?"

మ్యూరియెల్ వాకీటాకీ వైపు చూసింది. "నీ చోటుకి పో క్లిఫ్," అంది మెల్లగా.

అతను తన చోటుకి పోలేదు. మూడుంబావు అయింది. వాన సన్నబడింది గానీ ఆకాశం అప్పుడే మసిబారుతోంది. మార్కెట్ మధ్యకు వెళ్లి, రాతి శిలువ మూడు మెట్లూ ఎక్కాడు. ఒక పక్క బ్రాస్ బ్యాండు క్రిస్మస్ పాటలు వాయిస్తోంది. ఇంకో పక్క పిడి తిప్పి వాయించే పాటల పెట్టె వాడు. వేయించిన చెస్ట్‌నట్ గింజల పొగ. గంట లేకపోతేనేం, గొంతుంది కదా అనుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మెట్ల మీద నిలబడి అనాల్సిన మాటలు అతని నోట్లో నానుతున్నాయి.

"వినండి, థార్న్‌బెక్ వాసులారా—"

గొంతు చీలింది. వెదురు బొంగు విరిగినట్టు ఒక చప్పుడొచ్చింది, అంతే. దగ్గాడు. మళ్లీ అన్నాడు. "మన మనిషి ఒకరు పోయారు. సగ్డెన్ ఎర్నెస్ట్—" మాట మెట్ల కింద నిలబడ్డవాళ్ల దాకా వెళ్లి అక్కడే రాలిపోయింది. ఇరవై ఏళ్లు ఉన్ని నూగు పీల్చిన ఛాతీ. కొండ మీదైతే బ్యాండు లేదు, వినేవాళ్లు లేరు. గొర్రెలు తలెత్తింది మాట వినబడి కాదు, మనిషిని చూసి. ఆ సంగతి అతనికి ఆ మెట్ల మీదే తెలిసింది.

మూడోసారి అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. నలుగురైదుగురు ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు.

"మూగవాడికి మాటలొచ్చాయి!" అన్నాడు ఒక పెద్దమనిషి భార్యతో. "బాగా కట్టారే ఈ నాటకం." ఎవరో ఒక పౌను నాణెం మెట్టు మీద పెట్టారు. అది దొర్లి నీళ్ల మడుగులో పడింది.

పైల బండి దగ్గర బ్రెండా తెడ్డు చేత్తో పట్టుకుని ఇటే చూస్తోంది. ఈసారి ఆమె ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

గంట చప్పుడు దగ్గరపడింది. జనం పాయగా విడిపోయారు. ఎర్రకోటు రూపర్ట్ మెట్ల దగ్గరకొచ్చి ఆగాడు. క్లిఫ్ ముఖం చూసి అతని నవ్వు ఆరిపోయింది.

"ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"పోండి."

"ఎవరో పోయారని అంటున్నారు మీరు. నిజంగానా?"

క్లిఫ్ జవాబు చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? నాలుగవుతుంది. దీపాలు పెడతారు. ఎర్నెస్ట్ చాటింపు లేకుండా పోతాడు, రెండేళ్లుగా ఊరంతా పోతున్నట్టే. కమిటీ వాళ్లకు ఆ ఉసురు తగులుతుంది. ఆ ఆలోచన కాసేపు అతని నోటికి తీపిగానే తగిలింది. సందు మొదట్లో కొత్త దీపాలవాడు పొడుగు కర్ర భుజాన వేసుకుని రావడం కనబడింది. పోయిన ఏడు దాకా అది తన కర్ర. మొదటి దీపానికీ శిలువకీ మధ్య ఎన్ని అడుగులో క్లిఫ్‌కి తెలుసు. ముప్పై ఆరు.

"గంట ఇలా పట్టుకోండి. తలకిందులుగా," అన్నాడు.

రూపర్ట్ పట్టుకున్నాడు. క్లిఫ్ తోలు ముక్క తీసి, చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో గంట నాలుకకు ఒక పక్కన కట్టి, తాడు రెండు చుట్లు తిప్పి ముడేశాడు.

"ఇదెందుకండీ?"

"చావుకి. తొమ్మిది సార్లు ఊపండి. నెమ్మదిగా. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకోండి. నేను చెప్పింది చెప్పండి. ఒక్క మాట ఎక్కువొద్దు. 'విచారంతో తెలియజేస్తున్నాం' లాంటి రేడియో మాటలేవీ పెట్టొద్దు."

"సరే. చెప్పండి."

గంట మోగింది. ఖణేల్. మూలుగు. ఖణేల్. మూలుగు. నాలుగో దెబ్బకు బ్యాండులో బాకా ఊదుతున్న ముసలాయన ఆపేశాడు. ఆరో దెబ్బకు బ్యాండంతా ఆగింది. ఊరివాళ్లకి ఆ చప్పుడు తెలుసు. పొడుగు టోపీలు ఒక్కొక్కటే దిగాయి. బుట్ట గౌన్ల ఆడవాళ్లు చేతిలో పని ఆపి నిలబడిపోయారు. బస్సుల్లో వచ్చినవాళ్లు వాళ్లను చూసి, ఏదో ఘట్టం మొదలైందని ఫోన్లు తీశారు.

క్లిఫ్ రూపర్ట్ భుజం దగ్గర నిలబడి గుసగుసగా అందించాడు. ఆ గుసగుస రూపర్ట్ ఛాతీలో పడి కంచయి బయటికొచ్చింది.

"వినండి, థార్న్‌బెక్ వాసులారా. మన మనిషి ఒకరు పోయారు. సగ్డెన్ ఎర్నెస్ట్, బ్యాక్ లేన్. ఎనభై ఏడేళ్లు. అద్దకం పని, గంట పని. చేతిలో పని కింద పెట్టాడు."

చేపల కొట్టు దాకా వెళ్లింది. దాన్ని దాటి మిల్లు గోడకు తగిలి వెనక్కి కూడా వచ్చింది. ఎర్నెస్ట్ బతికున్న రోజుల్లో కూడా అంత బాగా ఎప్పుడూ రాలేదు. అది క్లిఫ్ చెవులకు తెలిసింది. కాదనలేకపోయాడు.

ఒక క్షణం మార్కెట్లో వాన చప్పుడు తప్ప మరేం లేదు. తర్వాత బస్సుల జనం చప్పట్లు కొట్టారు. దీపాలవాడు మొదటి దీపం ముట్టించాడు.

"సరిగ్గా వచ్చిందాండీ?" అడిగాడు రూపర్ట్. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"వచ్చింది," అన్నాడు క్లిఫ్. ఆ మనిషిని అతను అప్పటిదాకా అసహ్యించుకున్నది ఒక ఎత్తు, ఆ క్షణాన అసహ్యించుకున్నది ఒక ఎత్తు.

మెట్లు దిగేసరికి మ్యూరియెల్ ఎదురొచ్చింది. గౌను అంచు బురదయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. పక్కకు తీసుకెళ్లింది.

"ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నా క్లిఫ్. ఇరవై ఏళ్లు వరసలో ఉన్నవాణ్ణి దాటేశామని మమ్మల్ని ఊళ్లో సగం మంది తిడుతున్నారు, తెలుసా? సెప్టెంబర్లో గంట ఎవరికివ్వాలో అడుగుదామని ఎర్నెస్ట్ దగ్గరికే వెళ్లాం."

"ఏమన్నాడు?"

"'క్లిఫ్‌కి గొంతు లేదమ్మా, ఉన్ని తినేసింది. అందుకే వాడికి తోలిచ్చా. గంట గొంతున్నవాడికివ్వండి' అన్నాడు."

"నాతో ఎందుకు చెప్పలేదట?"

"మేమూ అడిగాం. 'నాలుగేళ్లుగా చెబుదామనే చూస్తున్నా, నోరు రావట్లేదు' అన్నాడు."

యాభై ఏళ్లు ఊళ్లో ప్రతి చావూ చాటిన మనిషి. తల్లులకు బిడ్డల పేర్లు చాటాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదట.

ఇంకా గంట సేపుంది. క్లిఫ్ దుకాణం గుమ్మం దగ్గరకు తిరిగి వెళ్లి, గోడకు ఆనించిన కర్ర తీసుకుని నిలబడ్డాడు. బ్రెండా వీధి దాటి వచ్చి, కాగితంలో చుట్టిన పై ఒకటి అతని కోటు జేబులో, తోలు ఉండే జేబులో, కుక్కి వెళ్లిపోయింది. అది తొడకు వెచ్చగా తగులుతూ మెల్లమెల్లగా చల్లారింది. ఎవరో ఒకావిడ వచ్చి అతని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. "ఎంత బాగా ఏడుపు ముఖం పెట్టారండీ," అంది. అతను నోరు విప్పలేదు.

నాలుగున్నరకు లాటరీ తీశారు. రూపర్ట్ శిలువ మెట్లెక్కి గంట ఊపాడు. ఖణేల్. మూలుగు. ఖణేల్. మూలుగు. తోలు విప్పాలని అతనికి తెలీదు. విప్పడం ఎలాగో కూడా తెలీదు. మొదటి బహుమతి, పంది తొడా రెండు సీసాల షెర్రీ వైనూ, లీడ్స్ నుంచి వచ్చిన ఒకావిడకు వచ్చిందని కంచు గొంతుతో చాటాడు. ఊరివాళ్లు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి మళ్లీ టోపీలు తీశారు. తీసి, ఏం చేయాలో తెలీక, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రెండు చుట్ల ముడి. ఒక్క లాగు లాగితే ఊడి వస్తుంది. క్లిఫ్ నిలబడ్డ చోటు నుంచి శిలువకు నలభై అడుగుల దూరం కూడా ఉండదు.

అతను కదల్లేదు. కూలి మనిషి కదలకూడదు మరి. రెండో బహుమతికి గంట మళ్లీ మోగింది, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా.